రెండు చీటీల్లో ఒకే పేరు

చేతిరాత గుండ్రంగా ఉండటం కూడా ఒక్కోసారి ఖర్మే. ఆస్ట్రేలియాలోని కాలైడ్ లోయలో పత్తి పండించే రష్యన్ కుటుంబాలన్నిటిలో ముత్యాల్లాంటి రాత గ్లఫీరా నికాండ్రోవ్నాది. అంచేత రెండు నెలలకోసారి ఫాదర్ అవెర్కీ బ్రిస్బేన్ నుంచి ఆరాధన జరపడానికి వచ్చినప్పుడల్లా ఊరందరి చీటీలూ ఆమే రాయాల్సి వచ్చేది. ఇంటికి రెండు చీటీలు. ఎర్ర సిరాతో శిలువ వేసింది బతికున్నవాళ్ళకి, నల్ల సిరాతో వేసింది పోయినవాళ్ళకి. ఫాదరు ఆ పేర్లు చదువుతూ ఒక్కో పేరుకి రొట్టెలోంచి ఒక్కో తునక తీసి పళ్ళెంలో పెడతాడు. బతికున్నవాళ్ళది ఒక వరస, పోయినవాళ్ళది ఇంకో వరస. తరవాత ఆరాధన మధ్యలో అందరూ వినేలా మళ్ళీ చదువుతాడు.

రష్యాలో ఉండగా ఇదేమంత కష్టమైన పని కాదు. తాత పోయాడు, నల్ల చీటీ. మేనత్త ఉంది, ఎర్ర చీటీ. విప్లవం వచ్చి, ఓడిన పక్షంవాళ్ళు సైబీరియా మంచు దాటి చైనాలోని హార్బిన్ చేరి, అక్కడా నిలవలేక ఓడెక్కి ఈ నల్లరేగడి నేలకి వచ్చిపడ్డాక, వెనక ఎవరున్నారో ఎవరు పోయారో చెప్పే దిక్కు లేకుండా పోయింది. "మా అన్నని ఎందులో రాయమంటారమ్మా?" అంటూ పెద్దపెద్ద మగవాళ్ళు టోపీ చేత్తో పట్టుకుని ఆమె బల్ల ముందు నిలబడేవాళ్ళు. ఆ సంగతేదో ఆమెకే తెలిసినట్టు! అనుమానం ఉంటే ఎర్ర చీటీలోనే రాయాలని ఆమె చెప్పేది. బతికున్నవాణ్ణి పోయినవాళ్ళలో చదివిస్తే వాడి ప్రాణం ఉన్నచోట ఉండదనీ, పేరు పిలిచినవైపు గుంజుకుంటుందనీ తరతరాలుగా ముసలమ్మలు చెప్పే మాట. ఫాదర్ అవెర్కీ అదంతా చాదస్తమని కొట్టిపారేసేవాడు. కొట్టిపారేస్తూనే, జాడ తెలియని తన తమ్ముడి పేరు మాత్రం ఎర్ర చీటీలోనే ఉందో లేదో రెండుసార్లు చూసుకునేవాడు.

గ్లఫీరా ఇంట్లో ఇద్దరే మనుషులు, ఆమే, అత్తగారు అగ్రిపీనా సావ్విష్నా. ముసలావిడ కళ్ళలో పొరలు కమ్మి చూపు ఆనదు గాని, చెవులు మాత్రం పాము చెవులు. ఎర్ర చీటీలో మొదటి పేరు ఎప్పుడూ ఆవిడే చెప్పేది, "మా కేషా, ఇన్నోకెంటీ" అని. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, గ్లఫీరాకి మొగుడు. ఆ లోయ మొత్తానికి ఆ పేరు ఇంకెవరికీ లేదు. పదకొండేళ్ళుగా గ్లఫీరా ఆ పేరు రాస్తూనే ఉంది. రాసిన ప్రతిసారీ కలం ఒక్క క్షణం ఆగేది.

ఎందుకు ఆగేదో ఎవరికీ చెప్పలేదు. 1920 జనవరిలో ఓడిన సైన్యంతోపాటు తూర్పుకి పారిపోతున్న పశువుల రైలుపెట్టెలో ముగ్గురూ ఉన్నారు. ఇన్నోకెంటీకి టైఫస్ జ్వరం. ముసలావిడకీ జ్వరమే. పెట్టె గోడలకి లోపలివైపే మంచు పేరుకుపోయింది. రోజూ పొద్దున్నే ఏదో ఒక స్టేషన్‌లో జవాన్లు తలుపు లాగి, రాత్రి పోయినవాళ్ళని దించుకుపోయేవాళ్ళు. ఆ పొద్దున ఒక జవాను ఇన్నోకెంటీని బూటుతో కదిపి చూసి, "ఇతను?" అని అడిగాడు. గ్లఫీరా చేతిలో మొగుడి చెయ్యి ఉంది. చల్లగా ఉంది. మూడు రోజులుగా ఆమెకి నిద్ర లేదు. చలి దూరుతోందని, తలుపు వెయ్యమని వెనకనుంచి జనం తిడుతున్నారు. ఆమె తల ఊపింది. వాళ్ళు కాళ్ళు పట్టుకుని లాక్కుపోయారు.

రైలు కదిలి చాలా దూరం పోయాక ఆమెకి అనుమానం వచ్చింది. ఆ చెయ్యి చల్లగా ఉన్నమాట నిజమే. నా చెయ్యి మాత్రం వెచ్చగా ఉందా? ఆ పెట్టెలో ఎవరి చెయ్యి వెచ్చగా ఉంది? అత్తగారు కళ్ళు తెరిచి కొడుకేడని అడిగితే, ఆస్పత్రికి తీసుకెళ్ళారని చెప్పేసింది. ఆ అబద్ధానికే పదకొండేళ్ళుగా ఎర్ర శిలువ వేస్తోంది.

రష్యావాళ్ళకి పైకప్పు లేకపోయినా గడుస్తుంది గాని పాట లేకపోతే పూట గడవదు. లోయలో తమ ఇళ్ళకి తలుపులు పెట్టుకోకముందే రేకుల చర్చి కట్టుకున్నారు, చర్చికి గంట దొరక్కముందే గ్లఫీరా పాటల బృందాన్ని నిలబెట్టింది. ఆమె తండ్రి సైబీరియాలో, తోమ్స్క్ పట్టణంలో పెద్ద చర్చి బృందాన్ని నడిపినవాడు. పాటల పుస్తకాలన్నీ అక్కడే బూడిదయ్యాయి. ఆమె వాటిని జ్ఞాపకం నుంచి తోడుకుని, ఏ గొంతుకి ఆ వరస విడివిడిగా, కొట్టువాళ్ళు సరుకులు చుట్టిచ్చిన కాగితాల మీద రాసింది. పాడేది పన్నెండు మంది. ఒకప్పుడు కెప్టెన్లు, బడిపంతుళ్ళు, ఒక జడ్జిగారి భార్య. ఇప్పుడు అందరి వేళ్ళూ పత్తికాయ మొనలకి గీరుకుపోయినవే. ఆ పన్నెండు మందినీ రాక్‌హాంప్టన్ టౌన్‌హాల్లో పాడమని పిలిస్తే, పాట అయ్యాక ఇంగ్లీషువాళ్ళు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయి కూర్చున్నారు. పక్క పొలం హెన్‌షా ముసలాయనైతే ఒక్క ఆదివారం తప్పేవాడు కాదు. ఆయన చర్చి ఏదో వేరు కాబట్టి లోపలికి రాడు. బయట లారీ మెట్టు మీద కూర్చుని వినేవాడు.

ఒక్కటే లోటు. అట్టడుగున ఉండాల్సిన మంద్రపు గొంతు లేదు. అలాంటి గొంతు ఇన్నోకెంటీది. ఆయన పాడుతుంటే పాట వినబడటం కాదు, కాళ్ళకింద నేలకి తెలిసేది. చెడ్డ అలవాటు కూడా ఒకటుండేది ఆయనకి. మాట పూర్తయ్యేదాకా ఆగకుండా, సగంలో ఊపిరి పీల్చేవాడు. తోమ్స్క్ రోజుల్లో గ్లఫీరా దానిమీదే అతనితో పోట్లాట పెట్టుకుంది, ఆ పోట్లాటే ముదిరి పెళ్ళయింది. ఇక్కడ ఆ వరస పాడేవాడు లేడు. అయినా ప్రతి పాటలోనూ దాన్ని కింద రాసేది. ఆ కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకునేది.

బృందంలో పైగొంతు పాడే పర్ఫ్యోన్ లుకిచ్ భార్య హార్బిన్‌లోనే పోయింది. మంచివాడు. గ్లఫీరా ఇంటి రేకులు గాలికి లేస్తే అడక్కుండానే ఎక్కి మేకులు కొట్టేవాడు. ముసలావిడకి ఎండు పండ్లు తెచ్చి పెట్టేవాడు. ఆ ఏడు పత్తి మొదటి తీత అయ్యాక, సంచి భుజాన్నుంచి దించకుండానే పెళ్ళి మాట అడిగాడు. గ్లఫీరాకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆశ లేదంటే అబద్ధం. కానీ మొగుడు పోయినట్టు సాక్షి ఉంటే తప్ప పెళ్ళి చెయ్యడం కుదరదని ఫాదరు చెప్పాడు. సాక్షిని నేనే, నేనే తల ఊపాను అని ఆమె చెప్పలేకపోయింది. చెబితే, ఊపేముందు చూశావా అని ఆయన అడుగుతాడు.

మార్చి నెల ఆరాధనకి ముందురోజు చీటీలన్నీ రాశాక, చివర్లో ఒక నల్ల శిలువ చీటీ తీసి, తన చీటీగా, అందులో ఇన్నోకెంటీ అని రాసింది. రాసి చూస్తే మనసు ఎలా ఉంటుందో చూద్దామనుకుంది, చూసి దాన్నీ మిగతా చీటీల్లో కలిపేసింది. అత్తగారు రాయించిన ఎర్ర చీటీలో ఆ పేరు ఎలాగూ ఉంది.

మర్నాడు చర్చిలో ఎండ అప్పటికే రేకుల్ని కాలుస్తోంది. ఫాదరు ఎర్ర చీటీలు చదివాడు. ఇన్నోకెంటీ పేరొచ్చింది. నల్ల చీటీలు చదివాడు. మళ్ళీ ఇన్నోకెంటీ పేరొచ్చింది. ఆయన గొంతు ఒక్కసారి తడబడింది. తలెత్తి గ్లఫీరావైపు చూసి ముందుకి సాగాడు. పోయినవాళ్ళ కోసం బృందం మూడుసార్లు జవాబు పాడాలి. గ్లఫీరా చెయ్యి ఎత్తింది.

మొదటిసారి మామూలుగానే పాడారు. రెండోసారి పాటకింద ఇంకేదో ఉంది. ముందు అది లారీ చప్పుడనుకుంది. కిటికీలో పెట్టిన గాజు కూజా సన్నగా మోగడం మొదలెట్టింది. ఆమె పన్నెండు నోళ్ళవైపూ చూసింది. ఎవరిదీ కాదు. మూడోసారి ఆ గొంతు స్పష్టంగా, వెనకవరస వెనక ఎవరూ లేనిచోటునుంచి, ఆమె కింద రాసి ఎవరికీ ఇవ్వని వరసని పొల్లు పోకుండా పాడింది. పాట అయింది. అదీ ఆగింది. వెనకవరసలో ఇద్దరు మెడలు తిప్పి చూసి, శిలువ వేసుకుని, మళ్ళీ కాగితాల్లోకి తల దించేశారు.

బయటికి రాగానే హెన్‌షా టోపీ ఎత్తి, ఇన్నాళ్ళకి మంచి లోతైన గొంతు దొరికిందే, కొత్తగా ఏ ఓడలో వచ్చాడని అడిగాడు. గ్లఫీరా ఏదో గొణిగి తప్పించుకుంది. పర్ఫ్యోన్ కూడా విన్నాడు. ఇంటిదాకా ఆమె పక్కనే నడిచి వచ్చాడు.

"గ్లఫీరా నికాండ్రోవ్నా," అన్నాడు చివరికి, "ఆయనెవరో నేను అడగను. మీరు చెప్పాలనుకున్నప్పుడే చెప్పండి."

మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. గట్టిగా అడిగి ఉంటే ఆమె చెప్పేసేదేమో.

మే నెలలో ఫాదరు మళ్ళీ వచ్చాడు. నల్ల చీటీ రాయకూడదనే అనుకుంది. రాసింది. మార్చి నుంచీ ఆ గొంతు మళ్ళీ వినాలన్న కోరిక ఆమెని తినేస్తోంది. ఒకప్పుడు ఒకే కంబళి కింద విన్న గొంతు అది. ఈసారి అది జవాబుల దగ్గర ఆగలేదు. తరవాతి పాటలోకీ వచ్చింది. ఆమె చేతిని చూసి పాడుతున్నట్టు, ఆమె నెమ్మదిస్తే నెమ్మదించింది, నిలిపితే నిలిచింది. అప్పుడు ఆమెకి ఇంకొకటి వినబడింది. మాట సగంలో, ఆ పాత చోటే, ఆ గొంతు ఆగి ఊపిరి పీల్చుకుంది.

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. బృందం ఒక్క దెబ్బ వెనకపడి మళ్ళీ అందుకుంది. చచ్చినవాడికి ఊపిరెందుకు? ఇరవయ్యేళ్ళుగా మనుషుల ఊపిరి లెక్కపెట్టి పాట నడిపే మనిషి ఆమె. ఎవరు ఎక్కడ పీల్చారో, ఎంత పీల్చారో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అది రొమ్ము నిండా పీల్చిన ఊపిరి.

ఇంటికొచ్చి, టీ కాచే సమోవార్ వెలిగించబోయి మూత కింద పడేసింది. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని ఆ చప్పుడంతా వింటోంది.

"వాడొచ్చాడు కదే గ్లాషా," అంది ముసలావిడ. "నువ్వూ విన్నావు. పాట ఒక దెబ్బ వెనకపడిందిగా. నల్ల చీటీల్లో వాడి పేరూ విన్నాను."

దాచి లాభం లేదని గ్లఫీరాకి అర్థమైంది. నల్ల చీటీ సంగతి చెప్పేసింది. బతికున్న మనిషిని పోయినవాళ్ళలో చదివించాననీ, ఆయన ఎక్కడున్నాడో అక్కణ్ణుంచి తనే గుంజుతున్నాననీ చెప్పి, రైలుపెట్టెలో తల ఊపిన సంగతి కూడా, పదకొండేళ్ళు గొంతులో అడ్డంపడ్డది, ఒక్కసారిగా కక్కేసింది. చెప్పి తలుపువైపు చూసింది, ముసలావిడ వెళ్ళిపొమ్మంటుందేమోనని.

ముసలావిడ బల్లమీద చేత్తో తడిమి ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంది.

"బతికున్నాడని నీకెవరు చెప్పారే? నేనే గదా ఇన్నేళ్ళూ రాయించింది. ఆ పొద్దున నేను నిద్రపోలేదు. వాడి రెండో చెయ్యి నా చేతిలోనే ఉంది. తెల్లారకముందే చల్లబడిపోయింది. నువ్వు తల ఊపావు, నేను చూశాను. అప్పుడు నాకు చూపుంది."

"మరి ఆస్పత్రి అని చెబితే నమ్మారుగా అత్తయ్యా?"

"నమ్మినట్టు నటించాను. మొగుడు పోయిన పిల్ల అత్తని ఎందుకు సాకుతుందీ? వాడు బతికున్నంతకాలమే నేను నీకు అత్తని. అందుకని వాణ్ణి చావనివ్వలేదు. ఒక్క ప్రార్థన లేదు, ఒక్క కొవ్వొత్తి లేదు. నా కూటికోసం నా కొడుకుని ఇన్నేళ్ళు గుమ్మం బయట నిలబెట్టాను. నువ్వు నల్ల చీటీ రాసేసరికి తలుపు తెరుచుకుందనుకుని వచ్చాడు పిచ్చినాయన."

గ్లఫీరాకి ముందు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు! ఎన్ని పొద్దులు ఆ చెయ్యిని తలుచుకుని ముద్ద మింగలేకపోయిందో ఈ ముసలిదానికి తెలుసా? తరవాత అదంతా దిగిపోయి, ఒళ్ళు తేలికైంది. నేను చంపలేదు. ఆ మాట లోపల ఒకసారి అనుకుంది, మళ్ళీ అనుకుంది. బల్లమీద తలపెట్టుకుని ఏడ్చింది. ముసలావిడ ఆమె జుట్టు నిమురుతూ ఉంది.

ఊపిరి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అత్తయ్యా, ఆయన మాట సగంలో ఊపిరి తీసుకున్నారు. ఆ ఒక్క మాట అనేస్తే మళ్ళీ ఎర్ర చీటీ, మళ్ళీ ఎదురుచూపు, మళ్ళీ ఆ చెయ్యి. పర్ఫ్యోన్ రేకులు బిగించి ఇంటికెళ్ళిపోతాడు. ఆమె ఆ మాటని మింగేసింది. చచ్చినవాళ్ళకి బతికున్నప్పటి అలవాట్లు పోవేమోలే అని సర్దిచెప్పుకుంది. మనకి కావలసిన మాట చెప్పడంలో మన మనసుని మించిన లాయరు లేడు.

తల్లే సాక్ష్యం చెప్పడంతో ఫాదర్ అవెర్కీ ఇంకేమీ అడ్డుపెట్టలేదు. మనిషి కళ్ళెదుట లేకపోయినా జరిపే అంత్యక్రియ ఉంది. జులైలో, ఇక్కడి చలికాలం మధ్యలో వచ్చే పేతురు పౌలుల పండగ ఆదివారం పడింది, ఆరాధన అయ్యాక అదే రోజు జరుపుదామన్నాడు. ముసలావిడ గోధుమలు ఉడకబెట్టి తేనె కలిపి గిన్నెలో పెట్టింది. శవపేటిక ఉండాల్సినచోట చిన్న బల్ల, దానిమీద ఆ గిన్నె, గోధుమల్లో గుచ్చిన ఒక కొవ్వొత్తి, కాగితంలో పోసిన గుప్పెడు నల్లమన్ను. ఊరంతా వచ్చింది. అందరికీ ఎవరో ఒకరు అలా సమాధి లేకుండా ఉన్నవాళ్ళే కదా, ఎవరికివాళ్ళు తమవాళ్ళనే తలుచుకుని ఏడుస్తున్నారు.

మొదటి పాటనుంచే గొంతు వచ్చేసింది. ఈసారి వెనకవరస వెనకనుంచి కాదు. బల్ల పక్కనుంచి. కొవ్వొత్తి మంట అటువైపు ఒరిగింది. బృందంలో ఎవరూ తల తిప్పలేదు, భయపడలేదు కూడా. వాళ్ళు అంత బాగా ఎప్పుడూ పాడలేదు. అట్టడుగున నేల దొరికాక పై గొంతులన్నీ ధైర్యంగా లేచాయి. పర్ఫ్యోన్ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ముసలావిడ రెండు చేతులూ బల్లమీద ఆనించి, మోగుతున్న ఆ చెక్కని అరచేతులతో వింటోంది. గ్లఫీరా చేతులు నడుపుతున్నాయి గాని ఆమె చెవులు ఒక్కదాని కోసమే కాచుకున్నాయి. ప్రతి పాటలోనూ, ప్రతి పాత చోటా, మాట సగంలో ఊపిరి. ఒక్కటీ తప్పలేదు. ఆపమని ఆమె లోపల ఎవరో అంటూనే ఉన్నారు. పెళ్ళినాడు వేసుకోవాల్సిన గౌను కుట్టడం సగమైంది. ఆమె ఆపలేదు.

చివరిది నిత్యస్మరణ. పోయినవాడి జ్ఞాపకం ఎన్నటికీ ఉండాలని మూడుసార్లు పాడి మనిషిని పూర్తిగా సాగనంపే పాట. మొదటిసారి పాడారు. రెండోసారి పాడారు. మూడోసారి, స్మరణ అన్న మాట సగంలో, ఆ గొంతు అలవాటుగా ఆగింది. ఊపిరి పీల్చింది. గ్లఫీరా విన్నది, రొమ్ము నిండా.

పీల్చిన ఊపిరి మళ్ళీ పాటగా బయటికి రాలేదు.

పన్నెండు గొంతులే మిగతా సగం మాట పూర్తి చేశాయి. కొవ్వొత్తి మంట నిటారుగా నిలబడింది. ఫాదరు మన్ను శిలువ ఆకారంలో చల్లాడు. వెళ్ళాడమ్మా, నా తండ్రి వెళ్ళాడు అంటూ ముసలావిడ నవ్వుతూ ఏడ్చింది. అందరూ తలా ఒక చెంచా తేనె గోధుమలు తిని, మనసు కుదుటపడి ఇళ్ళకి పోయారు. హెన్‌షా మాత్రం లారీ దగ్గర ఇంకా నిలబడే ఉన్నాడు.

"మీ లావు గొంతాయన మధ్యలో ఆపేశాడేం? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

సెప్టెంబరులో పెళ్ళయింది. ముసలావిడని కూడా పర్ఫ్యోన్ తన ఇంటికే తీసుకెళ్ళి కిటికీ పక్కన మంచం వేశాడు. ఆ గొంతు మళ్ళీ రాలేదు. కూజా మోగలేదు. గ్లఫీరా నిద్రపోవడం నేర్చుకుంది. ఎర్ర చీటీలో ఆ పేరు లేదు, నల్ల చీటీలో మాత్రం ఉంది, కలం ఆగడం కూడా మానేసింది.

ఫిబ్రవరిలో, పత్తి పూత మీద ఉండగా, ఉత్తరం వచ్చింది. సరిహద్దు దాటినవాళ్ళెవరో హార్బిన్‌కి చేరవేస్తే, అక్కడి చర్చివాళ్ళు అడ్రసు వెతికి పంపారు. పైన ఉన్నది ఇంతే: పాటలు నడిపే గ్లఫీరా నికాండ్రోవ్నాకి, ఎక్కడున్నా. రాసింది తోమ్స్క్‌లో ఫ్యోక్లా అనే ఒక ఇల్లుగలావిడ. గ్లఫీరా చేలోనే నిలబడి చదివింది.

ఇన్నోకెంటీ ఆవిడ ఇంట్లో గది తీసుకుని పదేళ్ళు ఉన్నాడు. ఆ జనవరిలో స్టేషన్ పక్కన శవాల గుట్టమీద ఉన్నవాడి నోటినుంచి ఆవిరి రావడం ఎవరో చూసి ఆస్పత్రిలో వేశారట. బతికి, మాట సరిగ్గా రాక, కాలు ఒకటి పోగొట్టుకుని తోమ్స్క్ చేరాడు. కట్టెల అడితికి కాపలా ఉండేవాడు. చర్చి మూసేసేదాకా ప్రతి వారం తల్లి పేరూ భార్య పేరూ ఎర్ర చీటీలో రాయించేవాడు, నల్ల చీటీ మాటెత్తితే కొట్టబోయేవాడు. కిందటి మార్చినుంచి ఆయనకి ఏదో అయింది. ఆదివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, ఎవరూ లేకపోయినా ఎవరి చెయ్యో చూస్తున్నట్టు ఎదురుగా చూస్తూ, తన వరస ఒక్కటే పాడేవాడు. మాట సరిగ్గా రాని మనిషికి పాట పూర్తిగా వచ్చేది. అడిగితే, గ్లాషా నడుపుతోంది, నాకు వినబడుతోంది అని నవ్వేవాడు. ఆ నాలుగు నెలలూ ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో మీకు తెలియాలనే ఇది రాస్తున్నాను, అంది ఫ్యోక్లా. పేతురు పౌలుల పండగనాడు చాలాసేపు పాడాడు. అంత్యక్రియ పాటలు ఎందుకు పాడుతున్నాడో నాకు అర్థం కాలేదు. చివర్లో గట్టిగా ఊపిరి పీల్చి, అలాగే పడిపోయాడు. బాధపడలేదు.

గ్లఫీరా ఉత్తరం మడిచింది. చేను నిండా పసుప్పచ్చటి పూలు, తలమీద ఎండ, ఎక్కడా చప్పుడు లేదు. తను చెప్పిన అబద్ధమే నిజం. ఆయన్ని ఆస్పత్రికే తీసుకెళ్ళారు. సెప్టెంబరు నాటికి ఆమె విధవే, పెళ్ళిలో తప్పేమీ లేదు. రెండుసార్లు అడిగారు ఆమెని ఇతను పోయాడా అని, ఒకసారి జవాను, ఒకసారి ఆయన ఊపిరి. రెండుసార్లూ తల ఊపింది. మొదటిసారి తెలియక. రెండోసారి తెలిసి.

ఇంటికి రాగానే, ఉత్తరం ఎక్కణ్ణుంచి, ఏం రాశారని ముసలావిడ అడిగింది.

"మీ చేతికి తెలిసిందే నిజం అత్తయ్యా. ఆ పొద్దున్నే పోయారట. చూసినవాళ్ళు రాశారు."

ముసలావిడ శిలువ వేసుకుంది. కాగితాల చప్పుడు విన్నది కాబోలు, కాసేపటికి అంది. "ఆ ఒక్క ముక్కకేనా అన్ని కాగితాలూ?"

గ్లఫీరా సమోవార్ వెలిగించడానికి లేచింది. ముసలావిడ మళ్ళీ అడగలేదు. ఉత్తరాన్ని పర్ఫ్యోన్ కూడా చూడలేదు. ఆమె దాన్ని పాటల కాగితాల అడుగున పెట్టింది.

ఆ తరవాత ఒక్క పని చేసింది. నిత్యస్మరణ పాట కాగితాలు పన్నెండూ తీసి, స్మరణ అన్న మాట సగంలో ఊపిరి పీల్చమని అందరికీ ఎర్ర సిరాతో గుర్తు పెట్టింది. బ్రిస్బేన్ నుంచి వచ్చిన సంగీతం పంతులొకాయన అది విని, మాట విరిగిపోతోంది, తప్పు అన్నాడు. తప్పేనని ఆమె ఒప్పుకుంది, మార్చలేదు. లోయలో ఎవరు పోయినా ఆ బృందం అలాగే పాడుతుంది. మాట సగంలో అందరూ ఆగి, ఒక్కసారిగా ఊపిరి పీలుస్తారు. కిందనుంచి ఇంకెవరైనా పీలుస్తారేమోనని ఆమె చెయ్యి గాల్లోనే ఉంటుంది, ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువసేపు. తరవాత దించుతుంది.